పాత తలుపు – కొత్త బల్ల

(రేడియోలో మహిళల కార్యక్రమానికి చేసిన ప్రసంగం)



"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మనకొక సామెత ఉన్నది. ఆ సామెతతో నాకు కొంచెం పేచీ ఉన్నది. ఇవాళ ఆ పేచీ గురించే నాలుగు మాటలు చెబుతాను.

ఈ మధ్య మన పట్నాలలో ఏ వీధికి వెళ్ళినా ఒక పాత ఇల్లు పడగొడుతూనో, ఆ పక్కనే అయిదంతస్తుల మేడ లేపుతూనో కనబడుతున్నారు. పడగొట్టిన ఇంటిముందు దుమ్ములో తలుపులు, కిటికీలు, దూలాలు, వాసాలు గుట్టగా పడి ఉంటాయి. మర్నాడు లారీ వచ్చి వాటిని ఎత్తుకుపోతుంది. రెండేళ్ళు తిరిగి కొత్త ఫ్లాటు చేతికొచ్చేసరికి ఆ ఇంటి ఇల్లాలు భోజనాల బల్ల ఎక్కడ కొనాలా, పుస్తకాల బీరువా ఎక్కడ కొనాలా అని బజారంతా తిరుగుతుంది. ఆవిడ కొనుక్కొచ్చే బల్లకంటె లారీలో వెళ్ళిపోయిన తలుపు నాలుగింతలు మంచి కర్ర. ఆ సంగతి ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. ఆవిడను అడిగినవాళ్ళు అంతకన్నా లేరు.

పాత కలపలో ఏమున్నది అంత గొప్పదనం అంటారేమో. చెట్టు కాండంలో లోపలుండే ముదురు భాగాన్ని చేవ అంటాం కదా! చెట్టు వయస్సుతోపాటు చేవ పెరుగుతుంది. టేకు చేవలో స్వతహాగా ఉండే కొన్ని పదార్థాలు చెదను దగ్గరికి రానివ్వవు. చేవకు పైనుండే తెల్లచెక్కకు ఆ గుణం లేదు. పూర్వం మన ఇళ్ళకు వాడిన కర్ర అడవిలో పెరిగి బాగా ముదిరిన చెట్లది. గోదావరి జిల్లాలకు భద్రాచలం వైపు అడవులనుంచి దుంగలు నదిమీద తేలుతూ వచ్చేవి. తెలంగాణకు ఆదిలాబాదు టేకు ఉండేది. రేవు పట్టణాలకు ఓడలమీద బర్మా టేకు దిగేది. మనవాళ్ళు పనులు వెతుక్కుంటూ రంగూను వెళ్ళి వచ్చిన రోజులవి.

ఆ కర్ర ఇప్పుడు సులభంగా దొరకదు. బర్మా ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి ముడి దుంగల ఎగుమతి ఆపేసింది. మన దేశంలో ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు కొట్టరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఉత్తరువు ఇచ్చింది. అడవులు బతకాలంటే అలాటి కట్టడి కావలసిందే. ఇక తోటల్లో పెంచి, ఇరవై ముప్ఫై ఏళ్ళకే కొట్టేసే టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. అంచేత బాగా ముదిరిన కర్ర కావాలంటే పాత ఇళ్ళలోనే వెతుక్కోవాలి. పైగా కొత్త కర్ర ఆరుతూ ఆరుతూ వంకర తిరుగుతుంది, నెర్రెలు విచ్చుతుంది. అరవై ఏళ్ళపాటు ఎండావానా చూసిన తలుపు తిరగవలసిన వంకరలన్నీ ఎప్పుడో తిరిగేసి కుదురుగా ఉంటుంది.

ఇంకొక సంగతి. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కర్బనమే. చెట్టు బతికినన్నాళ్ళూ గాలిలోనుంచి తీసుకుని దాచుకున్న కర్బనం అది. కర్రను పొయ్యిలో పెడితే అది తిరిగి గాలిలో కలుస్తుంది. బల్లగా చేసి వాడుకుంటే ఆ బల్ల ఉన్నన్నాళ్ళూ అందులోనే ఉంటుంది. వాతావరణం వేడెక్కుతున్నదని రోజూ వింటున్నాం. మన ఒక్క బల్లతో ఆ వేడి తగ్గదు, నిజమే. కాని ఒక పాత తలుపు బల్ల అయితే ఆ మేరకు ఇంకో చెట్టుమీద గొడ్డలి పడనక్కరలేదు.

మరి బజారు బల్ల సంగతి చూద్దాం. ఇప్పుడు తక్కువ ధరకు వచ్చే బల్లలు, అలమార్లు చాలావరకు పార్టికిల్ బోర్డుతో చేసినవి. చెక్క ముక్కలు, రంపపు పొట్టు జిగురుతో కలిపి, వేడిమీద అదిమి పలకలు చేస్తారు. పైన టేకు చారలున్న కాగితం అంటిస్తారు. పొట్టు పారేయకుండా వాడటం మంచి ఆలోచనే, కాదనను. కాని నేల తుడిచేటప్పుడు రోజూ నీళ్ళు తగిలే మన ఇళ్ళలో ఆ పలకల అంచులు ఉబ్బుతాయి. ఒకసారి ఉబ్బితే మళ్ళీ అణగవు. మరమేకు ఒకసారి ఊడితే ఆ బెజ్జంలో మళ్ళీ పట్టు దొరకదు. ఇల్లు మారేటప్పుడు విప్పి బిగించేసరికి సగం బలం పోతుంది. దానికి వాడే జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. బల్ల కొత్తలో కళ్ళు మండించే ఆ వాసన దానిదే. దాన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో చేర్చింది. ఆ వాయువు తక్కువగా విడిచే రకాలు కూడా అమ్మకానికి ఉన్నాయి. కొనక తప్పనప్పుడు ఆ సంగతి అడిగి కొనండి.

పాత చెక్కతో సామాను చేయించుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అనే బెంగ మనలో చాలామందికి ఉన్నది. హాలండ్‌లో రీట్వెల్డ్ అనే పేరున్న వాస్తుశిల్పి 1934లో సరుకుల పెట్టెల చెక్కలతో కుర్చీలు రూపొందించాడు. ఆ దేశంలోనే పీట్ హైన్ ఏక్ అనే అతను 1990లో చదువు పూర్తిచేస్తూ పాత చెక్కముక్కలు, వాటిమీది రంగులతో సహా కలిపి, ఒక అలమారా చేసి పేరు తెచ్చుకున్నాడు. అంతదూరం పోనక్కరలేదు. తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్‌గారు, 2007లో పోయారు, తాను కట్టే ఇళ్ళకు పడగొట్టిన ఇళ్ళ తలుపులూ కిటికీలూ వెతికి తెచ్చి వాడేవారు. ఆయనకు 1990లో పద్మశ్రీ వచ్చింది. నలుగురూ ఏమనుకుంటారన్న బెంగకు ఇంతకంటె జవాబు అక్కరలేదనుకుంటాను.

ఇక అసలు పనిలోకి వద్దాం. అన్నిటికంటె ముఖ్యమైనది ఇల్లు పడగొట్టక ముందు చేయవలసిన పని. కూల్చే పనికి బేరం కుదిరేటప్పుడు పాత సామాను తనకే అని కూల్చేవాడు సాధారణంగా మాట తీసుకుంటాడు. ఆ సామాను విలువ మనసులో ఉంచుకునే అతను ధర చెబుతాడు. అందులో అతని తప్పేమీ లేదు. అంచేత కాగితంమీద సంతకాలు పడక ముందే మనం నోరు విప్పాలి. ఇంట్లో మగవాళ్ళు చదరపుటడుగుల లెక్కల్లో, వాటాల లెక్కల్లో మునిగి ఉంటారు. తలుపులూ కిటికీలూ వాళ్ళకు గుర్తుకు రావు. మీరే ఒక నోటు పుస్తకం, కొలత టేపు పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఏ గది తలుపు ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎంత మందం, రెక్కలెన్ని, దూలాలెన్ని, గూటి పలకలెన్ని అన్నీ రాయండి. వాటిలో మనకు కావలసినవి ఇవీ అని గుర్తు పెట్టి ఆ జాబితాను ఒప్పందంలో చేర్పించండి. సుద్దతో తలుపులమీద అంకెలు వేయండి. పలుగుతో పెకలించకుండా బందులు విప్పి తీయాలని ముందే చెప్పండి. పెద్దఎత్తున కూల్చేచోట సామానులో కలప, ఇనుము, కాంక్రీటు, మట్టి వేరువేరుగా ఉంచాలని కేంద్ర ప్రభుత్వం 2016లో తెచ్చిన నియమాలలోనే చెప్పింది. కనుక మీరు కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

మా అత్తగారి ఊరు కోనసీమలో. ఆ ఇల్లు తీసేసినప్పుడు మా అత్తగారు డబ్బు ఊసే ఎత్తలేదు. "వంటింటి తలుపు నాకుంచండర్రా" అన్నారు. "ఈ వయసులో తలుపేం చేసుకుంటావమ్మా?" అని మా బావగారు నవ్వారు. అది రెండు రెక్కల తలుపు. ఒక్కొక్క రెక్క పదిహేడంగుళాల వెడల్పు, ఆరడుగుల పొడుగు. రెండూ పక్కపక్కన చేరిస్తే ముప్ఫైనాలుగంగుళాల వెడల్పున ఆరుగురు కూర్చునే భోజనాల బల్ల వచ్చింది. కాళ్ళు అదే ఇంటి వాసాలు. తలుపు వెనకవైపు పాల లెక్కకు మా అత్తగారు పెట్టుకున్న గాట్లు ఉండేవి. వడ్రంగి ఆచారిగారు వాటిని చిత్రిక పట్టేస్తానంటే ఆవిడ పడనివ్వలేదు. ఆ వైపు కిందికి పెట్టించారు. మా పిల్లలు బల్ల కింద దూరి ఆ గాట్లు లెక్కపెట్టేవాళ్ళు. ఏ నెల పాలు ఎన్ని శేర్లో నాయనమ్మను అడిగి చెప్పించుకునేవాళ్ళు. కొన్న బల్లకు ఇలాటి కబుర్లుండవు కదా!

అయితే ప్రతి పాత చెక్కా పనికిరాదు. ఏరుకోవటంలో జాగ్రత్త కావాలి. చెక్కను వేలి కణుపుతో కొట్టి చూడండి. గట్టి కర్ర ఖంగుమంటుంది. పుచ్చింది డొల్లగా పలుకుతుంది. చాకు మొనతో గుచ్చితే సులువుగా దిగిపోతే పక్కన పెట్టేయండి. సన్నని బెజ్జాలనుంచి పిండిలాగా రాలుతూంటే లోపల పురుగు ఇంకా ఉన్నట్టు. దాన్ని ఇంట్లోకి తెస్తే మంచి సామానుకు కూడా పట్టవచ్చును. దూలాల చివరలు గోడలో ఉన్నచోట తేమకు చివికి ఉంటాయి. అడుగో అడుగున్నరో కోసేస్తే మిగతాది బాగానే ఉంటుంది.

రంగు వేసిన పాత తలుపులతో మరీ జాగ్రత్త. పూర్వపు రంగుల్లో సీసం ఎక్కువగా కలిసేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదన్న నియమం 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. సీసం పసిపిల్లల మెదడుకు చేటు. కాబట్టి పాత రంగును పొడిగా గీకవద్దు, మంటపెట్టి కాల్చవద్దు. తడిపి, నీళ్ళతో వాడే గరుకు కాగితంతో రుద్ది, రాలినదాన్ని తడిగుడ్డతో ఎత్తి, కాగితంలో పొట్లం కట్టి పారేయాలి. ఆ సమయంలో పిల్లలనూ గర్భిణీ స్త్రీలనూ దగ్గరకు రానివ్వవద్దు. రంగు ముక్కలను వేన్నీళ్ళ పొయ్యిలో అసలే పెట్టవద్దు.

రైలు పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు చవగ్గా వస్తున్నాయని కొందరు కొంటారు. వాటికి పుచ్చకుండా తారునూనె పట్టించి ఉంటుంది. అది ఒంటికి మంచిది కాదు. వాటిని ఇంట్లోకి తేవద్దు. సరుకు రవాణాకు వాడే చెక్క చట్రాలు, పాలెట్లంటారు, కూడా బాగా పనికొస్తాయి. విదేశీ సరుకుతో తిరిగే పాలెట్లమీద ఒక ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టి. అని ఉంటే పురుగు చావటానికి వేడిచేశారన్నమాట, తీసుకోవచ్చును. ఎమ్.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారన్నమాట, వదిలేయండి. నూనెలూ మందులూ ఒలికిన మరకలున్నా అంతే.

ఇప్పుడు రూపం సంగతి. మనం సాధారణంగా ముందు బల్ల అనుకుంటాం, తరవాత దానికి చెక్క కోయిస్తాం. పాత కలప విషయంలో ఈ వరస తిరగేయాలి. ముందు చెక్కను చూడాలి. ఇది ఎంత పొడుగున్నది, ఎక్కడ బలంగా ఉన్నది, ఎంత తక్కువ కోతతో ఏమవుతుంది అని ఆలోచించాలి. నిలువు తలుపు అడ్డంగా పడుకుంటే బల్ల. కిటికీ రెక్కలు అలమారాకు తలుపులు. గూటి పలకలు పుస్తకాల అరలు. వాసాలు కాళ్ళు. కోత తగ్గినకొద్దీ కూలీ తగ్గుతుంది, వృథా తగ్గుతుంది.

కొన్ని కొలతలు చెబుతాను, రాసుకోండి. భోజనాల బల్ల ఎత్తు ముప్ఫై అంగుళాలు. కుర్చీ పీట ఎత్తు పదిహేడు, పద్దెనిమిది. మనిషి ఒక్కరికి బల్ల అంచున రెండడుగుల జాగా. బల్ల కింద చుట్టూ బిగించే పట్టీ నాలుగంగుళాలకు మించితే తొడలకు తగులుతుంది. ముప్పాతిక అంగుళం మందం పలక రెండున్నర అడుగులు దాటితే పుస్తకాల బరువుకు వంగుతుంది, మధ్యలో ఆనిక కావాలి. దిలాసాలున్న తలుపుమీద గిన్నె సమంగా నిలవదు కదా, దానిమీద దళసరి అద్దం వేయించుకోవాలి. మూలపడ్డ కుట్టుమిషను ఇనప కాళ్ళుంటే ఒక కిటికీ రెక్కతో పిల్లవాడికి చదువుకునే బల్ల తయారు.

ఆచారిగారిని పిలిచే ముందు ఇంకొక పని. పాత వార్తాపత్రికలు అతికించి బల్ల కొలతకు కత్తిరించి, అది ఉండబోయే చోట నేలమీద పరచండి. రెండురోజులు దాని చుట్టూ తిరగండి. వంటింటికి దారి ఇరుకవుతున్నదా, తలుపు తగులుతున్నదా తెలిసిపోతుంది. కాగితాన్ని కత్తిరించటానికి ఖర్చు లేదు. చెక్కను మాత్రం కోశాక మళ్ళీ అతకలేం.

ఆచారిగారు పాత కర్ర అనగానే మొహం చిట్లిస్తారు. కారణం ఉన్నది. కనబడని మేకు తగిలితే రంపం పళ్ళు, చిత్రిక అంచు పోతాయి. అంచేత మేకులన్నీ మనమే ముందు లాగించి, అయస్కాంతంతో వెతికి చూసి ఇవ్వాలి. పాత కర్రతో ఎంత పని పడుతుందో ముందే చెప్పటం ఆయనకూ కష్టం. కనుక మొత్తం పనికి ఇంత అని బేరమాడకుండా రోజు కూలీ లెక్కన ఇస్తే ఆయనకూ న్యాయం, మనకూ పని నాణ్యంగా ఉంటుంది. అతుకులు జిగురుతో కాకుండా ఒక చెక్కను నాలుకలాగా చెక్కి రెండోదాని గాడిలో దూర్చి, చీల దిగ్గొట్టి బిగించమనండి. మన పట్టెమంచాలు అలాటివే. విప్పి అటకెక్కించి, పెళ్ళిళ్ళకు మళ్ళీ దించి బిగించేవాళ్ళం. విప్పటానికి వీలున్న సామాను ఫ్లాటు మెట్లమీద, లిఫ్టులో సులువుగా పోతుంది. మీ తరవాత మీ కోడలు దాన్ని విప్పి ఇంకో వస్తువు చేసుకోగలుగుతుంది.

చివర మెరుగుకు అవిసెనూనె పట్టిస్తే చాలు. పలచగా రాసి, ఆరాక ఇంకోసారి రాయాలి. ఒక్క హెచ్చరిక. ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వాటిలో వాటికే వేడిపుట్టి అంటుకునే ప్రమాదం ఉన్నది. విడిగా పరిచి బయట ఆరబెట్టండి.

గడప చెక్కను ఏం చేయాలి అని చాలామంది అడుగుతారు. తరాలుగా పసుపు రాసి, బొట్టుపెట్టిన చెక్కమీద కూర్చోవటానికి మనసొప్పదు. ఒప్పనక్కరలేదు కూడా. దేవుడి గూటికి అర చేయించుకోండి. పాత ఇంటి కర్ర కొత్త ఇంటికి తగదని ఇంట్లో పెద్దలెవరైనా అంటే, మన ఇంట్లో మన పెద్దవాళ్ళు తలుపేసి తీసిన కర్రే కదా అని మెల్లగా చెప్పి చూడండి.

ఇదంతా చవకా అంటే, కర్ర మనదైతే చవకే, కూలీ ఒక్కటే ఖర్చు. పాత కలప దుకాణంలో కొంటే మాత్రం కర్రకూ కూలికీ కలిపి బజారు బల్ల ధరకు అటూయిటూ అవుతుంది, ఒక్కొక్కసారి మించుతుంది కూడా. అయితే బజారు బల్ల ఎన్నేళ్ళుంటుందో, చేవ కర్ర ఎన్నేళ్ళుంటుందో పక్కపక్కన వేసి లెక్క చూసుకోండి. ఇంటి లెక్కలు మనకొకరు నేర్పాలా?

మీ ఇల్లు ఇప్పుడే పడగొట్టకపోవచ్చును. అయినా వచ్చే ఆదివారం తీరిక చేసుకుని ఆ కొలతల పుస్తకం మొదలుపెట్టండి. అటకమీద పడి ఉన్న మంచం పట్టీలు, గోడకానించిన కిటికీ రెక్క, విరిగిన ఉయ్యాల బల్ల అన్నీ అందులో రాయండి. పుట్టింటివాళ్ళు ఇల్లు తీసేస్తున్నామంటే కొలత టేపు సంచిలో వేసుకుని ముందుగానే బయల్దేరండి. లారీ వచ్చాక చేయగలిగిందేమీ ఉండదు.